నదికి ఇచ్చిన చోటు

నదులు తమంతట తాము లంబకోణంలో మలుపు తిరగడం అరుదు. కెనడాలోని టొరంటో నగరంలో డాన్ నది మాత్రం దాదాపు వందేళ్లపాటు అలాగే తిరిగింది. ఉత్తరాన మిట్టల్లో పుట్టి, నగరం నడుమ లోయ వెంట దిగివచ్చి, ఒంటారియో సరస్సు ఇంకాస్త దూరంలో ఉందనగా ఎవరో గదమాయించినట్టు పడమటికి తిరిగేది. అక్కడి నుంచి కీటింగ్ చానల్ అనే గోడల కాలువలో దూరి, నత్తనడకన రేవులో కలిసేది. ఆ నదికి ఇప్పుడు కొత్త ముఖద్వారం తవ్వారు. 2024లో అందులోకి నీరు చేరింది. 2025 జులైలో దాని ఒడ్డున సుమారు 50 ఎకరాల పార్కు తొలి విడతగా తెరుచుకుంది. పార్కు చూడముచ్చటగానే ఉంది. అయితే పాత రేవులనూ, మూతపడ్డ ఫ్యాక్టరీ స్థలాలనూ చూడముచ్చటగా మార్చిన నగరాలు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. వాటిలో ఏది నిజంగా బాగుపడింది, ఏది ఊరికే ముస్తాబైంది అని తేల్చాలంటే పచ్చికా దీపాలూ ఏమీ చెప్పవు. రెండు సంగతులు చూడాలి: నీటికి ఎంత చోటు తిరిగిచ్చారు, నేల అడుగున ఉన్న విషాన్ని ఏం చేశారు. ఈ రెండు లెక్కల్లోనూ డాన్ ముఖద్వారం ఈ కాలపు పెద్ద పాఠాల్లో ఒకటి. ఆ పాఠం ఖరీదు కూడా పెద్దదే కాబట్టి నిదానంగా చదవాల్సిందే.

ఒకప్పుడు ఈ నది సరస్సును చేరే చోట ఆష్‌బ్రిడ్జెస్ బే అనే పెద్ద చిత్తడి నేల ఉండేది. గ్రేట్ లేక్స్ తీరాల్లోని పెద్ద చిత్తళ్లలో అదొకటి. జమ్ము, తుంగ దట్టంగా పెరిగి, చేపలు గుడ్లు పెట్టుకునే చోటు, వలస పక్షులు దిగే చోటు. పంతొమ్మిదో శతాబ్దంలో నగరం పెరిగేకొద్దీ దానికి చెత్తకుండీ పని అప్పజెప్పారు. ఊరి మురుగు అందులోకే. పక్కనే గూడర్‌హామ్ అండ్ వర్ట్స్ సారాయి బట్టీ ఉండేది. బట్టీలో మిగిలిన పిప్పితో వేల పశువులను మేపేవారు, ఆ పేడంతా చిత్తట్లోకే పోయేది. నీరు కుళ్లి, కలరా భయం పుట్టాక, తప్పు మురుగుది కాకుండా చిత్తడిది అయిపోయింది. మనుషులు పాడుచేసిన నీటిని పాడునీరని తిట్టి పూడ్చేయడం ఒక్క టొరంటో కథే కాదనుకోండి. 1911లో హార్బర్ కమిషన్ ఏర్పడింది, మరుసటేడు దాని ప్రణాళిక వచ్చింది. రేవు అడుగున తవ్విన మట్టీ, ఊరి చెత్తా చెదారమూ పోసి చిత్తడిని పూడ్చి, పోర్ట్ ల్యాండ్స్ అనే పారిశ్రామిక నేలను సృష్టించారు. వైశాల్యం సుమారు 350 హెక్టార్లు. నదికి మిగిలింది ఆ లంబకోణపు మలుపు.

అనుకున్నంత వైభవం ఆ నేలకు రాలేదు. బొగ్గు గుట్టలు, చమురు ట్యాంకులు, ఉప్పు నిల్వలు, 1951లో మొదలై 1983లో ఆగిపోయిన హెర్న్ విద్యుత్ కేంద్రం వచ్చాయి. 1959లో సెయింట్ లారెన్స్ జలమార్గం తెరుచుకున్నప్పుడు సముద్రపు ఓడలు బారులు తీరతాయని ఆశపడ్డారు. ఆలోపే సరుకు రవాణా తీరు మారి కంటెయినర్ల యుగం వచ్చేసింది. కంటెయినర్ ఓడలకు మాంట్రియల్ లాంటి రేవులు చాలు. చివరికి పోర్ట్ ల్యాండ్స్‌లో మిగిలిందేమిటంటే ఖాళీ స్థలాలు, చమురు ఇంకిన మట్టి. నగరం నడిబొడ్డుకు కూతవేటు దూరంలో, అంత విలువైన చోట, ఇళ్లు కట్టనివ్వని నేల. కట్టనివ్వకపోవడానికి కారణం చమురొక్కటే కాదు.

1954 అక్టోబర్ 15 రాత్రి హరికేన్ హేజెల్ టొరంటో మీద విరుచుకుపడింది. 81 మంది చనిపోయారు. పడమర వైపు హంబర్ నది ఒడ్డున ఒక వీధిలోని ఇళ్లు మనుషులతో సహా కొట్టుకుపోయాయి. ఆ దెబ్బతో నగరం ఒక కఠినమైన నియమం పెట్టుకుంది. హేజెల్ అంతటి వాన పడితే ఎక్కడిదాకా మునుగుతుందో లెక్కగట్టి, ఆ గీత లోపల ఇళ్లు కట్టనివ్వకూడదు. లోయల్లోని భూముల్ని ప్రభుత్వ సంస్థ కొని పార్కులుగా ఉంచేసింది. టొరంటో లోయలు ఈనాడు పచ్చగా కనిపించడానికి ఆ రాత్రి వరదే కారణం. డాన్ ముఖద్వారం దగ్గర ఆ గీత లోపల పడింది ఏకంగా 240 హెక్టార్లు. ఇక్కడ ముంపు ఎందుకు ఖాయమో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. వేగంగా వచ్చే నీరు మలుపు దగ్గర ఒక్కసారిగా నెమ్మదిస్తుంది, నెమ్మదించిన నీరు మోసుకొచ్చిన ఒండ్రును అక్కడే దించేస్తుంది. అందుకే కీటింగ్ చానల్‌లో ఏటా పదుల వేల ఘనపు మీటర్ల పూడిక తీయాల్సి వచ్చేది. శీతకాలం చివర మంచు పలకలు విరిగి కొట్టుకొచ్చినప్పుడు అవీ ఆ మూలనే ఇరుక్కునేవి. తవ్వకపోతే మునక, తవ్వితే ఏటా ఖర్చు. నదిని మళ్లించిన రోజు ఎవరూ రాసుకోని అప్పు అది. వడ్డీ మాత్రం వందేళ్లు కట్టారు.

నది కోసం మాట్లాడినవాళ్లు లేకపోలేదు. 1969లో పొల్యూషన్ ప్రోబ్ అనే సంస్థ వాళ్లు శవపేటిక మోసుకెళ్లి డాన్ నదికి అంత్యక్రియలు జరిపారు. నది చచ్చిపోయిందని ఊరికి చాటడానికి. 1989లో పౌరులతో ఒక కార్యదళం ఏర్పడి, రెండేళ్లకు నదిని బతికించే ప్రణాళిక రాసింది. ముఖద్వారం దగ్గర మళ్లీ చిత్తడి ఉండాలన్న ఆలోచన అప్పటిదే. 2001లో వాటర్‌ఫ్రంట్ టొరంటో అనే ఉమ్మడి ప్రభుత్వ సంస్థ పుట్టింది. 2007లో రూపకల్పన పోటీ పెడితే మైకేల్ వాన్ వాల్కెన్‌బర్గ్ బృందం గెలిచింది. కొత్తగా కట్టబోయే పేటకు పార్కునూ నదినీ అలంకారంగా తగిలించడం కాకుండా, ముందు నది ఎటు పారాలో గీసి, మిగిలిన చోట పేటను అమర్చడం వాళ్ల ప్రతిపాదనలోని కిటుకు. 2011లో అప్పటి మేయర్, ఆయన సోదరుడు ఇవన్నీ పక్కన పెట్టి పెద్ద షాపింగ్ మాల్, జెయింట్ వీల్, మోనోరైలు కడదామన్నారు. జనం ఊరుకోలేదు, నగర మండలి ఆ ఆలోచనను తోసిపుచ్చింది. చివరకు 2017లో కేంద్ర, ప్రాంతీయ, నగర ప్రభుత్వాలు మూడూ కలిసి 125 కోట్ల కెనడా డాలర్లు మంజూరు చేశాయి. గమనించాల్సింది ఏమిటంటే, ఆ పద్దు పేరు పార్కు కాదు, పోర్ట్ ల్యాండ్స్ వరద రక్షణ. పక్షుల కోసం, చేపల కోసం ఇరవై ఏళ్లు అడిగినా కదలని ఖజానా వరద లెక్క చూపించగానే కదిలింది. దీన్ని ప్రకృతి ప్రేమికులు కొందరు కాస్త చిన్నతనంగా భావిస్తారు. నాకు మాత్రం ఈ పథకం నిలబడటానికి అసలు కారణం అదేననిపిస్తుంది. చిత్తడిని సోకుగా కడితే బడ్జెట్ తగ్గిన రోజున మొదట కోసేది దాన్నే. వరదను మోసే పని దానికి అప్పజెప్పినప్పుడు, అడుగు వెడల్పు తగ్గించాలన్నా ఇంజినీర్లు ఒప్పుకోరు.

ఇక పని ఎలా జరిగిందన్నది. కొత్త పాయ పొడవు సుమారు ఒక కిలోమీటరే గానీ, దాని కోసం పది లక్షల ఘనపు మీటర్లకు పైగా మట్టి తవ్వారు. తవ్వేది చమురు ఇంకిన పూడిక నేల, పక్కనే సరస్సు. గుంట తీస్తే నీరూ విషమూ కలిసి లోపలికి ఊరతాయి. అందుకని ముందే అంచుల వెంట రాతి పొర తగిలేదాకా భూమిలోకి గోడలు దించారు. తవ్విన మట్టిలో చాలా భాగంతో చుట్టుపక్కల నేల ఎత్తు పెంచారు. ఆ తర్వాత నది అడుగును పొరలు పొరలుగా పేర్చారు. కింది నుంచి కాలుష్యం పైకి రాకుండా బంకమట్టి నింపిన పట్టా, ఇసుక, రసాయనాలను పట్టుకునే యాక్టివేటెడ్ కార్బన్, ఆపైన రాళ్లు. ఒడ్డు కోసుకుపోకుండా చెట్ల మొద్దులను వేళ్లతో సహా పాతారు, ఆ వేళ్ల సందుల్లో చేపలు తలదాచుకుంటాయి. మొక్కల వేళ్లు మట్టిని పట్టుకునేదాకా నిలవడానికి ఒడ్డంతా కొబ్బరిపీచు పట్టలు చుట్టారు. కోనసీమలో పరుపుల్లోకీ తాళ్లలోకీ పోయే పీచు లాంటిదే, అక్కడ ఒక నదికి తొలి ఒడ్డయింది. ఆ పీచు కొన్నేళ్లలో కుళ్లిపోతుంది. కుళ్లిపోవాలనే వేశారు.

నది అడ్డకోత ఎలా ఉందో గోదావరి తీరం తెలిసినవాళ్లకు సులువుగా చెప్పొచ్చు. మామూలు రోజుల్లో నీరు నడిమి పాయలో పారుతుంది. దాని పక్కన నీరు నిలిచే చిత్తడి, ఆ పైన కాస్త మెరక, మన లంక భూముల్లా వరదొస్తే మునిగి, తగ్గితే తేలే నేల. పార్కులో చాలా భాగం ఆ మునిగే నేల మీదే ఉంది. వరద వస్తే నడకదారులు నీటి కిందికి పోతాయి, ఎవరూ దాన్ని వైఫల్యమనరు. పాత కీటింగ్ చానల్‌ను మూసేయలేదు. అదొక దారి, కొత్త ముఖద్వారం రెండో దారి, పెద్ద వరదలో మాత్రమే పొర్లి పారేందుకు డాన్ గ్రీన్‌వే అనే చిత్తడి బాట మూడోది. ఒక్క మూల దగ్గర ఇరుక్కునే నీటికి మూడు దారులు చూపించారు. వాటి మధ్య చిక్కిన నేల ఇప్పుడు ద్వీపమైంది.

కాలుష్యాన్ని అడుగున పెట్టి పైన పచ్చిక పరిస్తే చాలదా, ఇంత తవ్వకం దేనికని అడగొచ్చు. సియాటిల్‌లో గ్యాస్ వర్క్స్ పార్కు చరిత్ర చూస్తే జవాబు దొరుకుతుంది. 1906 నుంచి 1956 దాకా బొగ్గు, చమురుల నుంచి గ్యాసు తీసిన ఫ్యాక్టరీ అది. రిచర్డ్ హాగ్ అనే రూపశిల్పి ఆ ఇనుప గోపురాలను పడగొట్టకుండా నిలబెట్టి, చుట్టూ పార్కు చేశాడు. 1975లో తెరిచారు. ఫ్యాక్టరీ శిథిలాన్ని అందంగా చూడటం ప్రపంచానికి నేర్పిన చోటు అది, ఆ గొప్పతనం ఎవరూ కాదనలేరు. కానీ 1984లో మట్టిలో విషపదార్థాలు బయటపడి పార్కును కొన్నాళ్లు మూసేయాల్సి వచ్చింది. అడుగున మిగిలినదాన్ని శుభ్రం చేసే పని ఆ తర్వాత దశాబ్దాలకు కూడా పాకింది. పాతిపెట్టిన సమస్య పాతిపెట్టినచోటే ఉంటుందనుకోవడం నీటి ఒడ్డున అసలు కుదరదు, నీరు దాన్ని మోసుకుపోతుంది.

టొరంటోలో ఈ తవ్వకం మధ్య ఎవరూ ఊహించని సంఘటన ఒకటి జరిగింది. 2021లో పూడిక కింద వందేళ్ల నాటి చిత్తడి మట్టి బయటపడ్డాక, ఎవరూ నాటకుండానే అందులోంచి మొలకలు వచ్చాయి. చూస్తే తుంగ, జమ్ము జాతి మొక్కలు. చిత్తడిని పూడ్చిన కాలం నుంచి గాలీ వెలుతురూ లేకుండా మట్టిలో పడి ఉన్న విత్తనాలవి. విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ మట్టిని తీసుకెళ్లి పరీక్షించారు, మొక్కల్ని జాగ్రత్త చేశారు. పత్రికలు దీన్ని అద్భుతం అన్నాయి. ఎలా చూసినా ఇది నా వాదనకు మంచి సాక్ష్యమే. నీరూ వెలుతురూ దొరకగానే చిత్తడి తన పని తాను మొదలుపెట్టింది. అయితే దీన్నుంచి వదిలేస్తే చాలు ప్రకృతే చూసుకుంటుందనే పాఠం తీస్తే పొరపాటు. ఆ విత్తనాలు లేచింది లక్షల ఘనపు మీటర్ల మట్టి తీశాకే. కొత్తగా నాటిన లేత మొక్కల్ని కెనడా బాతులు మేసేయకుండా కంచెలు కూడా కట్టాల్సి వచ్చింది.

టొరంటో పద్ధతికి పూర్తి ఎదురు దిక్కున నిలిచే రెండు ఉదాహరణలు ఆసియాలో ఉన్నాయి. సియోల్‌లోని చొంగ్యెచొన్ వాగు మీద ఒకప్పుడు హైవే వంతెన ఉండేది. దాన్ని కూల్చి, 2005లో సుమారు 5.8 కిలోమీటర్ల వాగును మళ్లీ వెలుగులోకి తెచ్చారు. నడిబొడ్డున వేడి తగ్గింది, కార్ల చోట మనుషులు వచ్చారు. అది చిన్న విజయం కాదు. కానీ అందులో పారే నీరు చాలావరకు వాగుది కాదు, రోజుకు 1,20,000 టన్నుల నీటిని పంపులతో ఎక్కించి వదులుతారు. కరెంటు ఆపితే వాగు ఆగుతుంది. అహ్మదాబాద్‌లో సబర్మతికి రెండు వైపులా 11 కిలోమీటర్లకు పైగా కాంక్రీటు గోడ కట్టి, వంకరలు తీర్చి, నది వెడల్పును దాదాపు ఒకే కొలతకు, 263 మీటర్లకు, కుదించారు. కుదించినచోట దొరికిన నేలే పథకానికి పెట్టుబడి. నదిలో నిండుగా కనిపించేది నర్మదా కాలువ నీరు. అక్కడ సాయంత్రం వేళ షికారు చేసేవాళ్ల ఆనందాన్ని తక్కువ చేయనక్కర్లేదు. కాకపోతే ఒక నగరం నదికి నేల ఇచ్చింది, ఇంకొకటి నది దగ్గర నేల తీసుకుంది. రెండింటినీ రివర్‌ఫ్రంట్ అనే ఒకే మాటతో పిలుస్తున్నాం. 2024 అక్టోబర్‌లో మూసీ పథకం కోసం తెలంగాణ మంత్రులు, అధికారులు వెళ్లి చూసివచ్చింది సియోల్‌నే. 1908 వరద తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టుకున్న హైదరాబాద్‌కు హేజెల్ కథ కొత్తేమీ కాదు, కాబట్టి చూడాల్సిన ఊళ్ల జాబితాలో టొరంటో కూడా ఉంటే బాగుండేది.

అయితే టొరంటోను మూసీ మీదికి ఎత్తి తెచ్చి పెట్టలేం, ఎందుకో కూడా చెప్పాలి. పోర్ట్ ల్యాండ్స్‌లో దాదాపుగా ఎవరూ నివసించేవారు కాదు. భూమిలో ఎక్కువ భాగం ప్రభుత్వ సంస్థలదే. ఒక్క కుటుంబాన్నీ లేపకుండా నదికి చోటివ్వడం అక్కడ సాధ్యమైంది. సబర్మతి ఒడ్డున వేల కుటుంబాలు ఇళ్లు కోల్పోయాయి. మూసీ ఒడ్డున ఇళ్లకు గుర్తులు వేసిన రోజుల్లో జనం ఎంత కంగారుపడ్డారో అందరికీ తెలుసు. నదికి చోటు కావాలనే వాదన పేదవాడి ఇంటి గోడ దగ్గర మాత్రమే గట్టిగా వినిపించి, పెద్ద భవనాల దగ్గర గొంతు తగ్గిస్తే అది నది పక్షం కాదు. వాదన తప్పని దీనర్థం కాదు. చోటు ఎవరి దగ్గర తీసుకుంటున్నారు, బదులుగా ఏమిస్తున్నారు అన్న లెక్క నది వెడల్పు లెక్కతో పాటే పథకంలో ఉండాలి. టొరంటోకు ఆ రెండో లెక్క వేయాల్సిన అవసరం అదృష్టవశాత్తూ తక్కువే పడింది.

అలాగని అక్కడ లబ్ధి ఎవరిదన్న ప్రశ్న లేదనలేం. వరద గీత చెరిగిపోవడంతో ద్వీపం మీద వేలాది ఇళ్లు కట్టొచ్చు. ప్రజల సొమ్ముతో వరదను తప్పించి, బిల్డర్లకు సరస్సు ముంగిట స్థలాలు తయారు చేశారని విమర్శకులంటారు. విమర్శలో పస ఉంది. భూమి ప్రభుత్వం చేతిలో ఉండటం ఒక్కటే ఇక్కడి భరోసా. అమ్మేటప్పుడో లీజుకిచ్చేటప్పుడో సామాన్యుడికి అందే అద్దె ఇళ్లు ఇన్ని ఉండాలని షరతు పెట్టే అధికారం దానివల్లే ఉంటుంది. ఆ అధికారాన్ని వాడుకుంటారో లేదో ఇళ్లు లేచాక తెలుస్తుంది. పేర్ల విషయమూ ఇలాంటిదే. ద్వీపానికి ఊక్వేమిన్ మినిసింగ్ అని, పార్కుకు బీదాసిగే అని అక్కడి ఆదివాసుల అనిషినాబే భాషలో పేర్లు పెట్టారు. మొదటిది నల్ల చెర్రీ చెట్ల చోటని, రెండోది మన వైపు వస్తున్న వెలుగని అర్థం. మంచి పేర్లే. 1787లో మొదలైన ఈ ప్రాంతపు భూమి కొనుగోలు వివాదం మీద ఆ ఆదివాసుల్లోని మిస్సిస్సాగా ప్రజలకు 14.5 కోట్ల డాలర్ల పరిహారం దక్కింది 2010లో. పేరు పెట్టడానికి అయ్యే ఖర్చు వేరు, నేలకు అయ్యే ఖర్చు వేరు.

ఇంత డబ్బు ఒక కిలోమీటరు నదికా అన్నది తరచూ వినిపించే అభ్యంతరం. ఖర్చు మొదటి అంచనా దాటిపోయింది కూడా. కానీ దీన్ని పార్కుల ఖర్చుతో పోల్చడం సరికాదు. ఇందులో వంతెనలున్నాయి, రోడ్లున్నాయి, వందేళ్ల కాలుష్యం మోసిన మట్టి ఉంది, 240 హెక్టార్ల వరద రక్షణ ఉంది. గోడలతోనే ఆ రక్షణ కట్టినా చవగ్గా అయ్యేది కాదు, పైగా గోడ వరద రోజు తప్ప ఏడాదంతా ఇంకే పనికీ రాదు. ఎగువన 2013లో తెరిచిన కార్క్‌టౌన్ కామన్ అనే పార్కు ఇదే సూత్రం మీద నిలబడింది. పైకి పిల్లలు దొర్లే గడ్డి దిబ్బ, నిజానికి నగర కేంద్రాన్ని కాపాడే వరద కట్ట.

నాకు బరువుగా తోచే అభ్యంతరం వేరే ఉంది. ముఖద్వారం బాగుచేస్తే నది బాగుపడినట్టేనా? 2024 జులైలో ఒక్క రోజు కుండపోతకు డాన్ లోయ వెంట పోయే ప్రధాన రహదారి మునిగిపోయింది. కొత్త ముఖద్వారం దాన్ని ఆపలేదు, ఆపడానికి కట్టిందీ కాదు. మునిగిన చోటు దానికి ఎగువన ఉంది. పెద్ద వాన పడితే పాత కాలువల్లో వాననీరూ మురుగూ కలిసి నదిలోకి పొర్లుతాయి. దాన్ని పట్టి శుద్ధికి పంపేందుకు నగరం సుమారు 22 కిలోమీటర్ల సొరంగాలు తవ్విస్తోంది. పరివాహకం అంతా తారూ కాంక్రీటూ అయిపోయిన నదికి కింది కొస ఎంత బాగుచేసినా పైనుంచి వచ్చేది వస్తూనే ఉంటుంది. ఇది ఒప్పుకోవాల్సిందే. పైదంతా బాగయ్యాకే కిందిది ముట్టుకుందామంటే మాత్రం ఇంకో వందేళ్లు లంబకోణంలోనే తిప్పుతారు.

ఇది అసలైన నది కాదు, ప్రకృతి వేషం వేసిన ఇంజినీరింగ్ అన్న మాట కూడా నిజమే. అడుగున పట్టా ఉన్న నది అది. పాత చిత్తడి వైశాల్యంతో పోలిస్తే కొత్తది చిన్న ముక్క. దీన్ని దాచుకోవాల్సిన పని లేదు. కీటింగ్ చానల్ కూడా ఇంజినీరింగే, తేడా అల్లా నీటికి ఏ పని అప్పజెప్పారన్న దాంట్లోనే. కొత్త నదిలో నీరు పొంగొచ్చు, విస్తరించొచ్చు, ఒండ్రు దించొచ్చు. అయినా దించే ఒండ్రును నదికే వదిలేయలేదు. కొత్త పాయ మొదలయ్యే చోటికి ఎగువన, ఒండ్రునూ కొట్టుకొచ్చే దుంగలనూ పట్టి ఆపేందుకు వేరే ఏర్పాటు కట్టారు. పైనున్న నగరం మట్టిని పంపడం ఆపదు కాబట్టి అక్కడ పూడిక తీసే యంత్రాలు ఏటా పని చేస్తూనే ఉంటాయి.